గడి నింపని లాయరు గారు

హిమబిందుకి ఆ సాయంత్రం తిక్కగానూ ఉంది, ఏడుపూ వస్తోంది. రెండిట్లో ఏది ముందు కానివ్వాలో తెలియడం లేదు.

బెంగళూరు లా స్కూల్లో పీజీ సీటుకి అప్లికేషన్ పంపడానికి రేపే ఆఖరు రోజు. అన్నీ సిద్ధం. సిఫారసు ఉత్తరం ఒక్కటే తక్కువ. అది రాయాల్సిన శ్రీనాథ్ ఏలూరులో ఆమె పనిచేసే లాయరు ఆఫీసులోనే, ఆమెకి రెండు కుర్చీల అవతల కూర్చుని, నాలుగు రోజులుగా పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

పోనీ గిట్టనివాడా అంటే అదీ కాదు. ఏడాదిగా ఆమెకి పని నేర్పుతున్నది అతనే. లాలో పీజీ ఎందుకు చేయాలనుకుంటున్నారో అప్లికేషన్లో రాయమంటే ఆమె న్యాయం, సమాజం అంటూ మూడు పేజీలు నింపుకొచ్చింది. అతను మొత్తం కొట్టేశాడు. కొల్లేటి లంకల నుంచి వచ్చిన బాలస్వామికి ఆమె చేపల చెరువు లీజు కాగితం చదివి వినిపించిన రోజు గురించి రాయమన్నాడు. అంతా విని ఆయన, "నేను వేలిముద్ర వేసింది దీనికా తల్లీ" అన్న మాట వదలొద్దన్నాడు. రాశాక హిమబిందుకే తన అప్లికేషన్ మీద గౌరవం కలిగింది.

అంత చేసినవాడు ఈ ఉత్తరం దగ్గర ఎందుకు ఆగాడు? తను పనికిరాదనా? తాడేపల్లిగూడెంలో ఇంటికి వెళ్లే రైల్లో రోజూ ఇదే ఆలోచన. సీనియర్ భీమశంకరం గారిని అడిగితే గంటలో ఇచ్చేవారు. ఆయన్ని ఎందుకు అడగలేదన్నది మాత్రం ఆమె ఆలోచించదలుచుకోలేదు.

బయట వాన అందుకుంది. ఆరున్నర రైలు ఎలాగూ పోయినట్టే. ఆమె లేచి వెళ్లి అతని ముందున్న ఫారం లాక్కుంది.

ఉత్తరం రాసే ఉంది. చదువుతుంటే చెవులు వేడెక్కాయి, అంత బాగా రాశాడు. సంతకం పైన ఒక్క గడి మాత్రం ఖాళీ: అభ్యర్థితో మీకు గల సంబంధం.

"కొలీగ్ అని రాసేస్తే సరిపోయేది కదండీ."

"సరిపోయేదండి. కానీ ఆఫీసు పరిచయం తప్ప మరే సంబంధమూ లేదని కింద డిక్లరేషన్ ఉంది." అతను కిటికీ వైపు చూశాడు. "మీ వైపు నుంచి ఏమీ లేదేమో. నా వైపు నుంచి అది అబద్ధమండి."

హిమబిందుకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మరీ అయోమయంగా ఉంది. ఈ మనిషిని మెచ్చుకోవాలా, నాలుగు రోజులు ఏడిపించినందుకు దులిపెయ్యాలా?

"ముందే చెప్పొచ్చు కదండీ," అంది చివరికి.

"చెబితే వెళ్లడం మానేస్తారేమోనని ఒక భయం. చెప్పినా మానరేమోనని ఇంకో భయం."

"వెళ్తానండి."

అతని మొహం చూసి ఆమెకి జాలేసింది. అయినా ఆగలేదు. కొత్త ఫారం ప్రింట్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. భీమశంకరం గారు నిజంగానే గంటలో ఉత్తరం రాసి, సంతకం పెట్టి ఇచ్చారు.

ఆమె బయటికి వచ్చేసరికి శ్రీనాథ్ పాత ఫారాన్ని చింపబోతున్నాడు.

"చింపకండి," అంది హిమబిందు. "మీ ఉత్తరం ఇక చెల్లదు గాని, ఆ గడి మాత్రం అలాగే ఉంచండి. ఏడాదిలో వచ్చేస్తాను. అందులో ఏం రాయాలో ఈలోగా గూడెం వచ్చి మా నాన్నగారిని అడగండి."