బొడ్డమ్మ ఇంటి నీళ్లు

నాగమణి మొగుడు త్రినాథ్‌కి రెండు కిడ్నీలూ పాడయి రెండేళ్లయింది. వారానికి మూడు రోజులు కంచిలి పక్కనున్న తమ పల్లె నుంచి అతన్ని పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించుకొస్తుంది. మిగతా రోజుల్లో ట్యాబ్ పట్టుకుని ఊరూరా సర్వే చేస్తుంది. ఉద్దానంలో ఈ జబ్బు ఎవరికి రాబోతోందో ముందే చెప్పగలిగే కంప్యూటర్ మిషన్ ఒకటి తయారు చేస్తున్నారు పలాసలో కొందరు పరిశోధకులు. ఎవరు ఏ నూతి నీళ్లు తాగుతారు, ఏ పనికెళ్తారు, రక్తంలో క్రియాటినిన్ ఎంత... అన్నీ రాసుకురావడం ఆమె పని. ఆ క్రియాటినిన్ ఒకటి దగ్గరుంటే మనిషి బాగున్నట్టు. త్రినాథ్‌కి పదకొండు.

ఆ అక్టోబరులో ఒక పొద్దున్న డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, గుండె కూడా దెబ్బతింటోందని, ఇంక ఎన్ని వారాలో తాను చెప్పలేనని అన్నాడు. నాగమణి ఏడవలేదు. మొగుణ్ణి ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, అరుగు మీద కూర్చుని ట్యాబ్ తీసింది. చేతులకు ఏదో ఒక పని కావాలి. తుపాను వస్తోందని కబురు. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది.

జాబితాలో ఒక పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. బొడ్డమ్మ, అరవై రెండేళ్లు. క్రియాటినిన్ జనవరిలో పదకొండు. మార్చిలో ఆరు. మే నెలలో ఒకటి. డయాలసిస్ లేదు. మందులు లేవు. నీళ్లు, సొంత నుయ్యి.

ఈ జబ్బులో అంకె పెరగడమే గాని తగ్గడం ఆమె ఎన్నడూ చూడలేదు. పలాస ఆఫీసులో పెద్దైన అజయ్‌కి ఫోను చేసింది. గాలికి సిగ్నల్ లేదు. ట్యాబ్‌లో ఆ ఇంటి గుర్తు బారువ వైపు, జీడితోటల అవతల పడి ఉంది. స్కూటీ తీసింది.

తోటల్లో తారురోడ్డు పోయి మట్టిదారి వచ్చింది. మట్టిదారి పోయి ఇసక వచ్చింది. స్కూటీ దిగి నడిచింది. కొబ్బరాకులు గాలికి విరిగిపడేలా ఊగుతున్నాయి. మొగలిపొదల వాసనా సముద్రపు ఉప్పువాసనా కలిసి ముక్కు పగలగొడుతున్నాయి.

ఇల్లు కనిపించింది. ఒంటరి పూరిల్లు, పక్కనే నుయ్యి. వాకిట్లో ఇసక నున్నగా ఉంది. దాని మీద కాకి అడుగు కూడా లేదు.

ఆ వాకిట్లో కాలు పెట్టగానే వాసనలు ఆగిపోయాయి. ఉప్పు లేదు, మొగలి లేదు, తడిమట్టి లేదు. తల ఎత్తి చూసింది. వెనక తోటంతా ఊగుతోంది. ఈ ఇంటి మీదున్న కొబ్బరాకులు మాత్రం... కదలడం లేదు.

గుమ్మంలో ఒక ముసలామె కూర్చుని ఉంది.

నాగమణి ఇంకా నోరు తెరవలేదు. ముసలామే మొదలుపెట్టింది. పేరు చెప్పింది, వయసు చెప్పింది, కూలిపని అంది, సొంత నుయ్యి అంది. సర్వేలో ప్రశ్నలు ఏ వరసలో ఉంటాయో ఆ వరసలోనే. ఎక్కడా ఊపిరి తీసుకోకుండా.

వెనక్కి వెళ్లిపోవాలనిపించింది నాగమణికి. కాని ఇంట్లో మంచం మీద ఆయాసంతో ఎగసిపడే రొమ్ము గుర్తొచ్చింది.

"నీకెలా తగ్గింది అప్పా?" అని గుసగుసగా అడిగింది.

"నుయ్యి నీళ్లే. ఎవరికి కావాల?"

"మా ఆయనకి."

"అయితే సెప్పు. అంతా సెప్పు."

నాగమణి చెప్పింది. పేరు, వయసు, తాగిన నీళ్లు, చేసిన పనులు, జబ్బు తెలిసిన రోజు, ప్రతి రక్తపరీక్షలో వచ్చిన అంకె. ముసలామె ఒక్కొక్క మాటా పెదవులతో తిరిగి అనుకుంది. అంతా అయ్యాక లేచి, నూతిలోంచి చేద లాగి సీసా నింపి ఇచ్చింది. చేద నీటికి తగిలిన చప్పుడు వినిపించలేదు.

ఇంటికొచ్చేసరికి త్రినాథ్ మేలుకునే ఉన్నాడు. రోజుకి అరలీటరు దాటితే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుందని డాక్టరు చెప్పాడు. రెండేళ్లుగా దాహమేస్తే పెదవులు తడుపుకోవడమే అతనికి. నాగమణి సీసా మూత తీసి ఇచ్చింది. అతను గటగటా అంతా తాగేసి, "ఎంత బాగుందే..." అని కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. అజయ్.

ఆమె అంతా చెప్పింది. అతను నెమ్మదిగా వివరించాడు. మిషన్‌కి నేర్పడానికి నిజమైన రోగుల వివరాలు చాలవట. అందుకని కొత్త పద్ధతి పెట్టారట. ఉన్నవాళ్లను చూసి మిషనే తనంతట తాను మనుషుల్ని అల్లుతుంది. వాళ్లకి పేరూ ఊరూ రక్తం అంకెలూ అన్నీ అదే రాస్తుంది. ఆ జాబితా పొరపాటున ఆమె ట్యాబ్‌లోకి వచ్చింది.

"బొడ్డమ్మ అనే మనిషి లేదక్కా. ఎప్పుడూ లేదు."

నాగమణి ఖాళీ సీసా వైపు చూసింది. అడుగున ఒక్క చుక్క కూడా లేదు.

రాత్రి తుపాను దాటింది. తెల్లారగానే నాగమణి పరిగెత్తింది. ట్యాబ్ చూపించిన చోట ఇసక దిబ్బ, నాలుగు జీడిచెట్లు. ఇల్లు లేదు. నుయ్యి లేదు.

మూడో రోజు పలాసలో త్రినాథ్ రక్తం తీశారు. ఒకటి. పరీక్షలో తప్పనుకుని మళ్లీ తీశారు. ఒకటి. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఈరోజుకి డయాలసిస్ వద్దు, ఇంటికి తీసుకెళ్లమన్నాడు. త్రినాథ్ నడుచుకుంటూ బస్సెక్కాడు. ఇంటికొచ్చి చేపల పులుసుతో రెండుసార్లు కలుపుకుని తిన్నాడు. వీధిలోవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. ఎలా తగ్గిందో ఎవరు చెప్పినా చెప్పకపోయినా, తన మొగుడు బతికాడు. అది చాలనుకుంది నాగమణి.

మధ్యాహ్నం అతను నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుంది. డయాలసిస్ సూదుల కోసం అతని ఎడమ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. ఆ ఉబ్బు మీద వేళ్లు పెడితే లోపల తేనెటీగ తిరిగినట్టు జుమ్మంటుంది. అది ఆగకూడదని, రోజూ చూసుకోమని నర్సు చెప్పింది. రెండేళ్లుగా ఆమె ఒక్కరోజూ మానలేదు.

వేళ్లు పెట్టింది. జుమ్మంటోంది. బాగా బలంగా ఉంది. ఊపిరి వదిలింది.

అప్పుడు చూసుకుంది, తాను కూర్చున్నది అతని కుడిపక్కన.

మెల్లిగా వంగి అవతలి చెయ్యి తిప్పి చూసింది. ఎడమ చెయ్యి. వందల సూదులు దిగిన చెయ్యి. నున్నగా ఉంది. ఒక్క మచ్చ లేదు, ఒక్క కుట్టు లేదు. ముసలామెకి అన్నీ చెప్పింది గాని, ఏ చెయ్యో మాత్రం చెప్పలేదు.

"మావా..." అని అతన్ని కదిపింది. "నీకు నరం కుట్టింది ఏ సేతికి?"

అతను కళ్లు తెరవకుండానే నవ్వాడు.

"ఏటే, మర్సిపోనావా? కుడి సేతికే గదా."

ఆమె వేళ్ల కింద అది జుమ్మంటూనే ఉంది. నాగమణి చెయ్యి తియ్యలేదు.