పటం ఉన్న చోట మసి

గోదావరి పొంగి ఘాటు మెట్లన్నీ మునిగిన ఏడు నాందేడ్ బజారులో బాంబు పేలింది. నీళ్ళు తీసినా ఇళ్ళలో బురద ఇంకా పోలేదు. తడిసి పాడైన బట్టల బదులు కొత్తవి కొనడానికి జనం వచ్చారు. నందకిషోర్ బట్టల దుకాణంలో పేలింది. పోయినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

రెండేళ్ళ తరువాత ఒక ఆడమనిషి నాందేడ్‌లోనే వజీరాబాదు పేటలో ప్రైవేటు డిటెక్టివ్ శంకర్రావు గదికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే కూర్చుంది. శంకర్రావు దగ్గర పనిచేసే నర్సన్న మంచినీళ్ళు తెస్తే చెంబు ముట్టకుండా దోసిలి పట్టింది.

ఆమె పేరు చంద్రభాగ. భోకర్ దగ్గర పల్లె. భర్త దేవన్న ఆ దుకాణంలోనే హమాలీ. బాంబు ఉన్న సంచి తెచ్చింది దేవన్నేనని, దానితోనే తానూ చచ్చాడని పోలీసులు తేల్చి కేసు మూసేశారు. అప్పటినుంచి పల్లెలో ఆమె చేతి నీళ్ళు ఎవరూ తాగలేదు. దేవన్న దినం నాడు వండిపెట్టి పొద్దు గూకే దాకా కూర్చుంది. ఒక్కరూ రాలేదు. వండినది గొడ్లకు పోసింది.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది.

"ఇప్పుడు నీకు ఏం కావాలమ్మా?" అని శంకర్రావు అడిగాడు.

"ఆయన పేరు మీద నలుగురు నా ఇంట్ల తినాలె సార్. గంతే."

కొంగు ముడి విప్పి పేపరు ముక్కలు రెండు ఇచ్చింది. ఒకటి బాంబు పేలిన మరునాటి పేపరులోది. మసిపట్టిన దుకాణం, విరిగిన బీరువాలు, గుమ్మంలో బోర్లా పడి దేవన్న. ముఖం సగమే కనబడుతుంది. "ఆయనది ఇంకో ఫోటో లేదు" అంది చంద్రభాగ.

రెండోది నెల తరువాతిది. దుకాణం మళ్ళీ తెరిచారు. పెద్ద వేంకటేశ్వరుడి పటం కింద నందకిషోర్ దండం పెట్టి నిలబడ్డాడు. అంత బాంబు పేలినా దేవుడి పటం అద్దం పగల్లేదని కింద మరాఠీలో రాశారు. అది చదివి ఊరంతా కొబ్బరికాయలు పట్టుకుని ఆ దుకాణం ముందు వరుస కట్టింది. నర్సన్న కూడా పోయి ఒకటి కొట్టి వచ్చాడు.

శంకర్రావు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తూ కూర్చున్నాడు. పెట్టిన చాయ చల్లారిపోయింది. చివరికి మొదటి ఫోటో నర్సన్న ముందుకు తోశాడు.

"పడ్డ మనిషిని గాదు, వెనుక గోడ చూడు. ఏముంది?"

"అంత మసి సార్. ఒక్క తాన తెల్లగ ఉంది. పటం అక్కడ ఉండె గావచ్చు."

"తెల్లటి జాగ మీద మేకుకు ఏం వేలాడుతుంది?"

నర్సన్న భూతద్దం తీసుకున్నాడు. చినిగిన క్యాలెండరు అంచు. రెండో ఫోటోలో పటం వేలాడే పెద్ద మేకు వేరే చోట, సావుకారి గద్దె వెనుక ఉంది. మొదటి ఫోటోలో దాని కింద గోడ నల్లగానే ఉంది.

"గది గుర్తు పెట్టుకో" అన్నాడు శంకర్రావు.

మరునాడు ఇద్దరూ దుకాణానికి పోయారు. ముందు లెక్కలు రాసే మునీం రామదాసును అడిగారు. బాంబు పేలినప్పుడు రామదాసు చాయ తాగడానికి బయటికి పోయి బతికాడు. అందుకని అప్పట్లో పోలీసులు అతన్ని కూడా కొట్టారు. ఇప్పుడు మళ్ళీ అడిగితే లెక్కల బుక్కు మూసి లేచి నిలబడ్డాడు. దేవన్న సంచి తెచ్చి గద్దె దగ్గర పెట్టింది నిజమేనని, ఎవరిచ్చారో తాను అడగలేదని చెప్పాడు.

"హమాలీ మూట తెస్తె ఎవలిచ్చిండ్రని ఎవలడుగుతరు సార్?"

"ఆ పొద్దు దేవుని ముంగట దీపం ఎవలు పెట్టిండ్రు?"

"నేను పటం ముట్ట సార్. సావుకారి తల్లి ఉమాబాయి ఒప్పదు. సావుకారే తానం చేసి పెడతడు. ఆ పొద్దు పెట్టలే. పని ఉందని భోకర్ పోయిండు."

"పటం గోడకు ఉండెనా?"

"రోజూ ఉండేదాన్ని ఎవలు చూస్తరు?"

నందకిషోర్ మర్యాదగా కూర్చోబెట్టాడు. చాయ తెప్పించాడు. పెంకుల కిందినుంచి పటాన్ని తన చేతులతో తీశానన్నాడు.

"పేలేటప్పుడు గోడకే ఉండెనా?" అని శంకర్రావు అడిగాడు.

"మరి యాడ ఉంటది? మా తాత పెట్టిన కాడనే ఉండె."

శంకర్రావు తలూపి లేచాడు. అక్కడినుంచి పోలీసు ఫౌజుదారును కలిసి ఒక మాట చెప్పాడు. చంద్రభాగకు కబురు పెట్టాడు.

ఆ మరునాడు మధ్యాహ్నం దుకాణం తలుపులు సగం దించి అందరినీ కూర్చోబెట్టాడు. నందకిషోర్, ఆయన తల్లి ఉమాబాయి, రామదాసు, ఫౌజుదారు. చంద్రభాగ గుమ్మం దగ్గరే కూర్చుంది. శంకర్రావు రెండు ఫోటోలూ గద్దె మీద పరిచాడు.

బాంబు పేలినప్పుడు మసి లేచి గోడకు పట్టిందని చెప్పాడు. గోడకు ఏది వేలాడుతూ ఉంటే దాని వెనుక మసి పట్టదు. క్యాలెండరు తరువాత చినిగి పడింది, దాని చోటు తెల్లగా ఉంది. పటం కూడా అప్పుడు అక్కడే ఉండి తరువాత పడితే, దాని చోటూ తెల్లగా ఉండాలి. నల్లగా ఉంది. పటం పెంకుల కింద దొరకలేదు. బాంబు పేలకముందే గోడ దిగింది.

"రామదాసు ముట్టడు. దేవన్నను గద్దె దాటి పోనియ్యరు. దాన్ని దించే మనిషి ఈ ఇంట్ల ఒక్కడే. ఆయన అది గోడకే ఉండె అంటుండు" అన్నాడు శంకర్రావు. తరువాత ఉమాబాయి వైపు తిరిగాడు. "అమ్మా, పటం ముందుగాల్నే ఇంటికి అచ్చిందా?"

ఉమాబాయి కొడుకును చూసింది. కొడుకు తల ఎత్తలేదు.

"అచ్చింది. ముందటి దినం పొద్దుమూకి తెచ్చిండు. తానం చేసి, తడి పంచెతోని తెచ్చిండు. ఎవలకు చెప్పకు అన్నడు. దేవుడు కలల చెప్పిండేమో అనుకున్న నేను."

ఆమె మామూలుగానే చెప్పింది. చెప్పిన తరువాత ఏం చెప్పిందో ఆమెకు తెలిసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నందకిషోర్ ఎక్కువసేపు తీసుకోలేదు. తాను ఒక గుంపులో చేరానన్నాడు. బజారులో బాంబు పేలితే ఊళ్ళో జనం మతం పేరున ఒకరి మీద ఒకరు పడతారని వాళ్ళు అనుకున్నారు. సొంత దుకాణమే పేలినవాణ్ణి ఎవరూ అనుమానించరని తన దుకాణంలోనే పెట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ పొద్దున వెనుక సందులో దేవన్నకు సంచి ఇచ్చి భోకర్ బస్సెక్కాడు.

"దేవన్నకు ఎరికేనా?" అని శంకర్రావు అడిగాడు.

"ఎరికె లేదు. కొత్త చీరలు అని చెప్పిన."

"మనుషులను ఇడిసిపెట్టి పటం ఎందుకు తీసినవ్?"

"మా తాత తిరుపతికెల్లి నెత్తి మీద పెట్టుకొని తెచ్చిండు" అన్నాడు నందకిషోర్.

ఫౌజుదారు అతన్ని చెయ్యి పట్టి లేపాడు. రామదాసు అలవాటు కొద్దీ సావుకారి చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. చంద్రభాగ తన పేపరు ముక్కలు అడిగింది. మొదటిది సాక్ష్యానికి కావాలని ఫౌజుదారు అన్నాడు. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి ఇచ్చేసింది.

బయటికి వచ్చాక నర్సన్న ఆగలేకపోయాడు. "ఊరంత చూసిన ఫోటోనే సార్. మీ ఒక్కలకు కనబడ్డది. నేనైతె కాయ గూడ కొట్టిన."

"శానమంది కొట్టిండ్రు" అన్నాడు శంకర్రావు. తరువాత చంద్రభాగతో, "రేపు వండు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే శంకర్రావు, నర్సన్న బస్సెక్కారు. సంగతి వాళ్ళకంటే ముందే పల్లెకు చేరింది. జనం గుమ్మాలలో నిలబడి చూస్తున్నారు. ఎవరూ పలకరించలేదు. శంకర్రావు చంద్రభాగ ఇంటి ముందు కాళ్ళు కడుక్కుని, లోపలికి పోకుండా, వీధికి కనబడేటట్టు అరుగు మీద కూర్చున్నాడు.

ఆమె జొన్నరొట్టె, పప్పు, చారు వడ్డించింది. వడ్డించి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, గంటె పట్టుకుని అట్లాగే నిలబడింది. శంకర్రావు మెల్లగా తిన్నాడు. నర్సన్నా తిన్నాడు. గుమ్మాలలో నిలబడ్డవాళ్ళు కదలలేదు. ఆ తరువాత ఎదురింటి ముసలాయన, ఆ ఇంట్లో తినొద్దని మొదట చెప్పినవాడే, వచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు. కూర్చోలేదు, పోనూలేదు.

శంకర్రావు అతన్ని రమ్మనలేదు. కొంచెం పక్కకు జరిగి, ఇంకో రొట్టె అడిగాడు.