కరెంటు పోతే కూసే ఇంజన్

సరూర్‌నగర్ చెరువు వెనక, మా సందు చివర ఉన్న మేడింటికి 2011 అక్టోబరులో చెడ్డపేరు వచ్చింది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్లు కాదు. కూరగాయల బండివాడు మలుపులోనే ఆగిపోయి, అక్కణ్ణుంచే వంకాయలని అరిచేవాడు.

కారణం — ఆ ఇంటి పై గదిలో రైలు కూసేది.

మా కాలనీకి పట్టాలు లేవు. పట్టాలున్న చోట కూడా ఆ నెలలో రైళ్లు సరిగ్గా తిరగలేదు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగింది, ఇక్కడ కరెంటు కోతలు మొదలయ్యాయి. సాయంత్రం ఏడింటికి సందంతా ఠక్కున ఆరిపోయేది. ఆరిన మరుక్షణం... పై గదిలో ఏదో బుస కొట్టేది. తర్వాత పొడుగాటి కూత, పాతకాలం బొగ్గింజన్ కూత. ఒక్కటే. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు.

నాకు దెయ్యాల మీద కోపం లేదు. ఆ దెయ్యాన్ని పంచుకున్న మా కాలనీవాళ్లను తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో టిఫిన్ సెంటర్ చట్నీ దాకా అన్నింటికీ ప్రాంతం అంటగట్టారు. దెయ్యాన్ని మాత్రం ఎందుకు వదులుతారు? ఇక్కడివాళ్లు "ఆంధ్రోని దెయ్యం, సచ్చినా పోతలేడు సూడు" అన్నారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు "ఇక్కడ ముందు శ్మశానం ఉండేదట, మనకి చెప్పకుండా ప్లాట్లు చేసి అమ్మారు" అన్నారు. నువ్వెటువైపని నన్ను అడక్కండి. ఉద్యమం నడిచిన ఆ రెండేళ్లూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. విన్నది విన్నట్టు చెబుతాను.

ఆ ఇల్లు బ్రహ్మానిది. వాళ్లది పోచంపల్లి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఇంట్లో ఆయన, తల్లి వజ్రమ్మ. ఇల్లూ దుకాణం కాక ఆయనకున్న పిచ్చి ఒక్కటే, బొమ్మ రైళ్లు. అదే పిచ్చి ఉన్న ఇంకో మనిషి పట్టాభి. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాడు. భార్యకు చీర కొనడానికి దుకాణానికి వచ్చి, గల్లాపెట్టె వెనక రైలింజన్ క్యాలెండరు చూసి, చీర సంగతి మరిచిపోయి రెండు గంటలు మాట్లాడాడు. అలా మొదలైంది.

ఇద్దరూ కలిసి ఆ పై గదిలో ప్లైవుడ్ బల్ల మీద పట్టాలు పరిచారు. స్టేషను కట్టారు. ఆదివారం వస్తే గడప దాటి బయటికి వచ్చేవాళ్లు కాదు.

బ్రహ్మానికి ప్రాణం లాంటిది ఒక ఇంజన్ ఉండేది. జానెడు పొడుగు, నల్లటిది, వెనక బొగ్గు పెట్టె. చక్కగా నడిచేది గానీ మూగది. దానికి గొంతు పెడతానన్నాడు పట్టాభి. గోరంత డీకోడరు చిప్పు తెప్పించాడు. అసలు ఇంజన్ బుస, కూత, చక్రాల చప్పుడు, అన్నీ ఆ చిప్పులోనే ఉంటాయి. దాన్నీ, రూపాయి బిళ్లంత స్పీకరునూ బొగ్గు పెట్టెలో దాచాలి. పట్టాల నుంచి వచ్చే రెండు తీగలు, మోటారుకి వెళ్లే రెండు తీగలు కోసి, ఆ చిప్పుకి టంకం పెట్టి అతకాలి.

"మోటారు ఒళ్లు ఇంజన్ ఇనుముకి ఎక్కడా తగలకూడదు బ్రహ్మం," అనేవాడు. "తగిలిందా, చిప్పు మాడిపోతుంది."

2009 డిసెంబరు. ఇంజన్ విప్పి ఉంది. తీగలు నాలుగూ కోసి వేలాడుతున్నాయి. కింద టీవీలో వార్తలు — రాష్ట్రం ఇస్తామన్నారు, మళ్లీ లేదన్నారు. మాటా మాటా పెరిగింది. పట్టాభి తీగల మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు: "మేమొచ్చి కట్టకపోతే ఇక్కడేముండేదయ్యా, బండలు తప్ప?"

అనాల్సిన మాట కాదు. నాకు ఇప్పటికీ ఆ మాట మీద కోపమే.

బ్రహ్మం లేచాడు. "నా ఇంట్ల కూసోని, మా అమ్మ పోసిన చాయ్ తాగుకుంట గీ మాటంటవా? లే. నడువ్ బయటికి."

"ఇది పూర్తి చేసి—"

"నా ఇంజన్ ముట్టకు!"

ఆ రాత్రే ఆ గది ఫ్యూజు పీకి బయట పారేశాడు. తాళం వేసి చెవి తల్లి చేతికిచ్చాడు. తర్వాత కనిపించినవాడికల్లా ఒకటే మాట — "నడిచే ఇంజన్ కడుపు కోసి పోయిండు." పట్టాభి కాపురం అల్మాస్‌గూడకి మార్చేశాడు.

2011 మార్చిలో గుండెపోటుతో పట్టాభి పోయాడు. బ్రహ్మం వెళ్లలేదు. అడిగినవాళ్లకు మళ్లీ అదే మాట చెప్పాడు. నిజానికి ఆ ఒక్క మాట మీదే ఆయన నిలబడి ఉన్నాడు. పట్టాభి ద్రోహం చేశాడు, కాబట్టి చావుకి వెళ్లకపోవడం తప్పు కాదు. ఆ ద్రోహమే లేదని తేలితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

అక్టోబరులో కూత మొదలైంది.

మొదట విన్నది ఎలక్ట్రీషియన్ అంతయ్య. ఇంటికి పోతూ ఆ మేడ కిందికి వచ్చేసరికి దీపాలు ఆరాయి. నెత్తి మీద నుంచి బుస... కూత. సైకిల్ అక్కడే పడేసి చెరువు కట్ట దాకా పరిగెత్తాడు. "ఇంజన్ కూసింది సారూ, నా పానం మీదొట్టు," అని కట్ట మీద కనబడ్డ నా చెయ్యి పట్టుకున్నాడు.

వారం రోజులు బ్రహ్మం ఓర్చుకున్నాడు. కరెంటు పోయే వేళకు దుకాణంలోనే ఉండిపోయేవాడు. అక్కడ కూడా అదే అడిగేవాళ్లు. "పట్టాభి సారేనంట గదా?"

ఎనిమిదో రోజు ఆయన ఒళ్లు మండిపోయింది. టార్చీ, కర్ర పట్టుకున్నాడు. "దెయ్యమే అయితే అడుగుత," అన్నాడట తల్లితో. "చేసిందంత చేసి మల్ల నా ఇంటికే ఎందుకొచ్చినవ్ అని అడుగుత. తాళమియ్యి."

వజ్రమ్మ నడుముకున్న తాళంచెవి తీసి ఇచ్చింది.

ఏడు కావస్తుండగా మెట్లెక్కాడు. తలుపు ముందు నిలబడ్డాడు. కింద సందులో ఎవరిదో టీవీ. ఎక్కడో మిక్సీ తిరుగుతోంది. ఊపిరి బిగబట్టాడు...

ఠక్.

టీవీ ఆగింది, మిక్సీ ఆగింది. తలుపు అవతల బుస... సన్నగా మొదలై, పెరిగి, పెరిగి — కూత.

తాళంచెవి తిప్పాడు. రెండోసారికి గానీ తలుపు తెరుచుకోలేదు.

రెండేళ్ల దుమ్ము. సాలెగూళ్లు. టార్చీ వెలుగు పట్టాల మీదుగా, స్టేషను మీదుగా పాకి బల్ల మధ్యలో ఆగింది. స్పాంజి ముక్క మీద వెల్లకిలా, చక్రాలు పైకి పెట్టి... ఇంజన్.

విప్పి లేదు. మొత్తంగా ఉంది.

దగ్గరికి వంగి చూశాడు. తీగలు నాలుగూ అతికి ఉన్నాయి. అతుకు అతుకుకీ సన్నటి నల్లటి తొడుగు. చక్రాలకు రెండు క్లిప్పులు, వాటి నుంచి బొమ్మ రైలుకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరుకి వైర్లు.

తీగలు వేలాడుతుండగా తలుపేసింది తనే. తాళం తన ఇంట్లోనే ఉంది. రెండేళ్లుగా ఈ గదిలోకి ఎవరూ... ఎవరూ రాలేదు.

కర్ర చేతిలోంచి జారింది. "పట్టాభీ..." అన్నాడు.

వెనక చీకట్లో ఎవరో ఊపిరి తీశారు. ఒక చెయ్యి... భుజం మీద పడింది.

"నేనే బిడ్డా."

వజ్రమ్మ. గుమ్మంలో కూలబడింది.

"ఆయ్నొచ్చిండు," అంది మెల్లగా. "నువ్వు ఎల్బీనగర్ చౌరస్త కాడ ధర్నాల కూసున్నప్పుడు... సంక్రాంతి ముందల. ఆరు దినాలు."

"నువ్వు తాళమిచ్చినవా?"

"ఇచ్చిన. సగం కోసి ఇడిసిపెట్టిన, నిద్ర వడ్తలేదమ్మా అన్నడు. ఎట్ల వద్దంట?"

"కరెంటు లేకుంట ఎట్ల అతికిండు?"

"కింది నుంచి వైరు గుంజుకో సారూ అన్న. వద్దన్నడు. బ్రహ్మం పీకిన ఫ్యూజు బ్రహ్మమే పెట్టాలె అన్నడు. టంకం పెట్టనీకి రాగి కడ్డీ తెచ్చుకుండు. నా గ్యాస్ పొయ్యి మీద కాల్చుకునుడు, సల్లారక ముందే మెట్లెక్కి ఉరుకుడు. ఒక్కో తీగకు నాలుగైదు సార్లు. ఆయాసమొస్తుండె. జర కూసో సారూ అంటే ఇంటలేడు."

బ్రహ్మం అరిచాడు. ఎదురింట్లో ఉన్న నాకే వినబడింది. "నాకెందుకు చెప్పలే? ఆయ్న సచ్చిపోయినంక గూడ ఎందుకు చెప్పలే?"

"చెప్పనిస్తివా?" ముసలమ్మకీ కోపం వచ్చింది. "పోయిననాడు ఏమన్న? పోయి సూసిరా, ఒక్కసారి ఆ అర్ర తెరిసి సూడు అన్న. ఎంగిలి చెయ్యి కడగకుంటనే కంచంల నుంచి లేసి పోతివి. రెండేండ్ల సంది ఈ ఇంట్ల నన్ను ఒక్క మాట మాట్లాడనిచ్చినవా?"

ఆయన ఇంజన్ మీదికి టార్చీ వేసి అడిగాడు. "గీ కూత... ఆయ్న విన్నడా?"

"ఎట్లింటడు? కరెంటే లేకపాయె."

మర్నాడు పొద్దున అంతయ్య వచ్చి చూసి తల పట్టుకున్నాడు. దెయ్యాన్ని తెచ్చింది తనే. కోతలు మొదలయ్యాక బ్రహ్మం ఇంటికి ఇన్వర్టరు పెట్టింది అంతయ్యే. ఏ తీగ ఏ గదిదో చూడకుండా, ఫ్యూజులతో పని లేకుండా, అన్నీ కలిపి ఇన్వర్టరుకి ముడేశాడు; ఫ్యూజు లేని పై గదికీ కరెంటు వెళ్లింది. పట్టాభి ట్రాన్స్‌ఫార్మరు మీట సగం తిప్పి ఉంచి వెళ్లాడు. ఆ చిప్పుకి కరెంటు అందిన ప్రతిసారీ బుస కొట్టి, ఒక కూత వేసి, ఊరుకుంటుంది. వీధి కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునేలోపు రెప్పపాటు ఖాళీ ఉంటుంది కదా. అప్పుడు చిప్పు పడుకుని లేచేది. డొల్ల బల్ల ఆ గొంతుని పెంచేది. కరెంటు తిరిగొచ్చినప్పుడు కూడా కూసేదే. అప్పుడు కాలనీ అంతా "వచ్చింది" అని అరుస్తుంటే, టీవీలు మోగుతుంటే, ఎవరికి వినిపిస్తుంది?

కాలనీవాళ్లు నవ్వుకుంటూ వచ్చి చూసిపోయారు. ఆంధ్రోడి దెయ్యమన్నవాళ్లూ, శ్మశానమన్నవాళ్లూ పక్కపక్కనే నిలబడి మరీ నవ్వారు. నాకు వాళ్లను మెడపట్టి గెంటాలనిపించింది.

బ్రహ్మం నవ్వలేదు. దుకాణం సంచిలో ఇంజనూ ట్రాన్స్‌ఫార్మరూ పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "బస్సులు లేవు. జర అల్మాస్‌గూడ దాక స్కూటర్ మీద తీస్కపో."

పట్టాభి భార్య కుసుమకుమారి తలుపు తీసింది. ఒకప్పుడు బ్రహ్మాన్ని నోరారా "అన్నయ్యగారూ" అనేది.

"చెప్పండి బ్రహ్మంగారూ," అంది. నేను గేటు దగ్గరే ఉండిపోయాను.

"చెల్లె... ఇంజన్ పూర్తి చేసిండని నాకు తెల్వది. రాత్రే తెలిసింది. ఒక్కసారి ఇను. ప్లగ్గు ఏడుంది చెప్పు, నేను పెడ్త—"

"చావుకి రాలేదు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "పదో రోజుకీ రాలేదు. ఇప్పుడు బొమ్మ పట్టుకొచ్చారా?"

బ్రహ్మం సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయన అన్నది తప్పు మాటే. నేనూ తిట్టాను. వెళ్లి క్షమించమని అడగండి అన్నాను. ముందు ఇంజన్ పూర్తి చేసి, తర్వాత అడుగుతానన్నారు. పూర్తి చేసొచ్చిన రోజు ఎంత సంబరమో! ఫ్యూజు పెట్టగానే కూస్తుంది కుసుమా, ఆ కూత విని బ్రహ్మం ఫోన్ చేస్తాడు, చూస్తూ ఉండు అన్నారు."

ఆవిడ తలుపు సగం మూసింది.

"పద్నాలుగు నెలలు బ్రహ్మంగారూ. ఫోన్ మోగితే చాలు, స్నానాల గదిలో ఉన్నా కేకేసేవారు, బ్రహ్మమేమో చూడవే అని. పరిగెత్తుకెళ్లి ఎత్తేదాన్ని. ఒక్కసారీ మీరు కాదు."

తలుపు వేసేసింది.