లేని మనిషి పేరు

రాజోలు దగ్గర లంకల్లో పొద్దు కొబ్బరితోటల వెనక్కి జారిందంటే చీకటి పడ్డట్టే. కీర్తి వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. రేవు పడవలెక్కేవాళ్లని నమోదుచేసే సాఫ్ట్‌వేర్‌కి పరీక్షలు రాయడం ఆమె ఉద్యోగం. మా రోజుల్లో పరీక్షంటే తప్పు పోకూడదని వణికేవాళ్లం. ఈ పరీక్షలు వేరు. కొన్నిట్లో తప్పు వచ్చి తీరాలి. లేని మనిషి పేరు కావాలనే ఇస్తారు. ‘అలాంటి మనిషి లేరు’ అని యంత్రం మొరాయిస్తేనే పచ్చగుర్తు.

లేని మనిషి అనగానే కీర్తికి అమ్మ పేరే తోచింది, అదే ఇచ్చింది. లీలావతి. నిరుడు వరదల్లో పడవలోంచి జారి గోదార్లో పడిపోయింది. మనిషి దొరకలేదు. ఆ పడవ నడిపింది నాన్న దానమే. ఇప్పటికీ ఆ పడవే నడుపుతున్నాడు.

పరీక్ష మొదట్నుంచీ పచ్చగానే ఉంది. కానీ హడావుడిలో కీర్తి, ఏ తప్పొచ్చినా సరే అని రాసేసింది. పై అధికారి విజయకుమార్ పొద్దున్న ఫోన్లో ఎత్తిపొడిచేడు.

“ఏ తప్పొచ్చినా పాసేనా అండీ? తలుపు తట్టినవాళ్లంతా చుట్టాలే అన్నట్టుంది.”

ఇప్పుడు సరిదిద్దింది. ఆ ఒక్క తప్పే రావాలని రాసి నడిపింది.

ఎర్రగుర్తు.

‘ఈ మనిషి ఇప్పటికే పడవ ఎక్కేరు.’

పరీక్షలో అసలు ఏ పడవ పేరూ ఇవ్వలేదు. అయినా కింద పడవ పేరుంది. నాన్నది. ఇన్నాళ్లూ పచ్చగా ఉన్నది... ఈ తప్పుతోనేనా?

నాన్నకి ఫోన్ చేసింది.

“నాన్నా, పడవలో ఎవరున్నారు?”

“ఆఖరి ట్రిప్పు కదమ్మా. నేనొక్కణ్ణే.” వెనక ఇంజను చప్పుడు. గొంతు తగ్గించేడు. “పడవే... ఎడంపక్కకి ఒరుగుతోంది. మీ అమ్మ కూర్చునే వైపు. కొన్నాళ్లుగా ఇంతే. భయపడతావని చెప్పలేదు.”

“దిగిపో నాన్నా.”

“నడిగోదార్లో ఎక్కడ దిగనే?”

కీర్తి ఫోను చెవి నుంచి తియ్యలేదు. కాసేపటికి అవతల ఇంజను ఆగింది. బురదలో అడుగుల చప్పుడు.

“ఒడ్డుకొచ్చేను. దిగేను కూడా... అది ఇంకా ఒరిగే ఉందమ్మా.”

కీర్తి పరీక్ష మళ్లీ నడిపింది. తెర కాసేపు ఆగింది...

‘అలాంటి మనిషి లేరు.’

పచ్చగుర్తు. హమ్మయ్య అనుకుంది.

“కీర్తీ...” ఫోన్లో నాన్న గుసగుస. “పడవ ఇప్పుడే తిన్నగా అయింది.”

రేవు నుంచి ఇంటికొచ్చే దారి పొడుగునా మొరుగుతున్న కుక్కలు, ఒకదాని తర్వాత ఒకటి... ఇంటివైపుగా ఊరుకుంటున్నాయి.