ఇన్యులిన్ సీసా

మందుల ల్యాబు కోల్డ్ రూమ్‌లో సైంటిస్టు శవమై దొరికాడు. పోయేముందు అతను గూఢచారి విభాగం చీఫ్‌కు పంపిన మెసేజ్ ఒక్కటే: "సీడ్ కల్చర్ మార్చేశారు."

చీఫ్ ఏజెంట్‌కు బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. సీడ్ కల్చర్ అంటే, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల పొట్టకు మేలుచేసే పొడి తయారీకి ల్యాబులో పెంచే విత్తన బ్యాక్టీరియా. విదేశీ ముఠా దాని బదులు ప్రాణాలు తీసే రకాన్ని పెట్టిందని అనుమానం. మైక్రోస్కోపు కింద రెండూ కవలలే. తేడా తిండిలో ఉంది. గ్లూకోజ్ పెడితే రెండూ ఎగబడి మింగేస్తాయి. చికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్ అనే చక్కెరను మంచిదొక్కటే తినగలదు, అదీ నమిలి నమిలి, నింపాదిగా. దొంగది ముట్టనైనా ముట్టదు.

"లోపల మన మనిషి ఉంది. టెస్ట్ ఆమె చేస్తుంది, నువ్వు కాపలా," అంటూ చీఫ్ షుగర్ పేషెంటుగా తాను వాడుకునే, గ్లూకోజ్ తగిలితే పచ్చబడే స్ట్రిప్పుల డబ్బా చేతిలో పెట్టాడు. ఇదేం గాడ్జెట్టని ఏజెంట్ నవ్వబోయాడు. వెంటనే డబ్బా జేబులో పెట్టుకున్నాడు. అక్క కన్న గుప్పెడంత పాప ఆస్పత్రి గాజుపెట్టెలో ఉంది. ల్యాబు నుంచి పొడి లారీ రాగానే మొదటి డోసు ఆ పాపకే.

ల్యాబులో అతనిది గాజుసామాను కడిగే వేషం.

"నురగ ఎక్కువైందా?" అంది తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్ మేడమ్.

"నీళ్లు తక్కువయ్యాయి." కోడ్ కుదిరింది.

ఆమె రెండు టెస్ట్‌ట్యూబుల్లో రెండు చక్కెరల ద్రావణాలు పోసి, కల్చర్ చుక్కలు వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టింది. ఇక ఎదురుచూపే. మనుషులనైతే పిస్తోలు చూపి తొందరపెట్టొచ్చు, బ్యాక్టీరియాను ఎవరు బెదిరిస్తారు? సైంటిస్టును బిగించిన కోల్డ్ రూమ్ తలుపు ఎదురుగానే ఉంది.

చివరికి ఆమె ట్యూబులు ఎత్తి చూపింది. "బ్యాక్టీరియా పెరిగి రెండూ తెల్లబడ్డాయి. ఇన్యులిన్ కూడా తినేసింది. మన సరుకే బాబూ, లారీని పోనివ్వమను."

ప్రాణం లేచొచ్చింది. అంతలోనే మళ్లీ ట్యూబులకేసి చూశాడు. రెండు ట్యూబులూ ఒకేసారి, ఒకే చిక్కదనం. నమిలి తినేది, మింగేదానితో సమానంగా పంక్తిలోంచి ఎలా లేచింది?

ఇన్యులిన్ అని రాసున్న సీసాలో మిగిలిన ద్రావణంలో స్ట్రిప్ ముంచాడు. పచ్చబడింది. గ్లూకోజ్!

"గ్లాసులు కడిగేవాడివి, కడుక్కోక నీకెందుకయ్యా ఇవన్నీ?" అంది ఆమె మెత్తగా. కోటు జేబులోంచి పిస్తోలు బయటికొచ్చింది. కిటికీ అవతల లారీ కదిలింది.

అతను ఇంక్యుబేటర్ తలుపును ఆమె మణికట్టు మీదికి తన్నాడు. గుండు చెవి పక్కనుంచి పోయి గోడలో దిగింది. పిస్తోలు బల్ల కిందికి జారింది. ఆమె చేతులు విరిచి పట్టుకుని, కాలర్ మైకులో అరిచాడు: "గేటు దించండి!"

ఇనుప గేటు లారీ బానెట్ మీదే పడింది.

అక్క ఫోన్ చేసి, మందు ఇంకా రాలేదేమిరా అని ఏడ్చింది. రాకపోబట్టే నీ బిడ్డ బతికింది, మంచిది వేరేచోట నుంచి పంపిస్తున్నాం అని చెప్పాడు.

సాయంత్రం చీఫ్ స్వయంగా టీ పోశాడు. "చక్కెర ఎంత వెయ్యను?"

ఏజెంట్ కప్పు మీద చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆగండి సార్. ముందు డబ్బా మీద ఏం రాసుందో కాదు, లోపల ఏముందో చూద్దాం."