ఎనిమిదో మైలు దగ్గర తట్టేవాడు

పగలు చూస్తే ఆ కల్వర్టు దగ్గర భయపడాల్సిందేమీ లేదు. రెండు పక్కలా మోకాలెత్తు సిమెంటు గోడలు, కింద ఎండిపోయిన కాలువ, గోడ మీద వెలిసిపోయిన ఎనిమిది అంకె. మేకలు ఆ గోడెక్కి దర్జాగా నెమరేసుకుంటూ ఉంటాయి.

రాత్రి మాత్రం దాని కథ వేరు.

పొద్దుగూకాక ఆ దారిన కారులో వెళ్ళేవాళ్ళకి, కల్వర్టు ఇంకాస్త దూరం ఉందనగా మొదలవుతుందట. ఎడమ పక్క... తలుపు కింద... ఎవరో వేలి కణుపులతో తట్టినట్టు. టక్. కాస్త ఆగి మళ్ళీ — టక్. కారు వేగం పెరిగితే తట్టుడూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అంటే తట్టేవాడు కారుతో పాటే పరిగెడుతున్నాడన్నమాట.

ఎవడు వాడు? కల్వర్టు కట్టేటప్పుడు గోడ మీదపడి పోయిన మేస్త్రీ అంటారు. ఇంటికి పోవడానికి బండి దొరక్క, నన్నూ ఎక్కించుకోండని తడతాడట. మాట వినకపోతే చక్రం పీకి పొలాల్లోకి విసిరేస్తాడట. నవ్వులాటకి చెప్పే మాట కాదిది. పద్నాలుగేళ్ళలో ముగ్గురు పోయారక్కడ. ప్రతిసారీ కారు ఒకచోట బోల్తాపడి ఉంది. ముందు చక్రం ఒక్కటే ఎక్కడో దూరంగా, చేత్తో ఊడబీకినట్టు పడి ఉంది.

పోయినవాళ్ళు తిరిగొచ్చి చెప్పరు కదా. అందుకని ఊరివాళ్ళే తేల్చేశారు — తట్టగానే ఆగి ఉంటారు, ఆగబట్టే వాడికి దొరికిపోయారు అని. ఆగిన కారు బోల్తా ఎలా పడిందయ్యా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. భయానికి లెక్కలు రావు.

ఈ మాట అందరికంటే ఎక్కువమందికి చెప్పినవాడు గాలి బాబాయి.

ఊరి చివర, రోడ్డు మొదలయ్యే చోట ఆయన పంక్చర్ షాపు. ఒక కంప్రెసరు, ఒక నీళ్ళ తొట్టి, గోడకి వేలాడే పాత టైర్లు. టైర్లకి గాలి కొట్టీ కొట్టీ ఆ పేరు స్థిరపడింది. మనిషి వెన్నపూస. చీకటి పడ్డాక ఎవరు పంక్చర్ వేయించుకున్నా, కారు కదిలే ముందు కిటికీలోకి వంగి గుసగుసగా చెప్పేవాడు.

"ఎనిమిదో మైలు దగ్గర ఏదన్నా తట్టినట్టు వినిపిస్తే ఆగకండి బాబూ. ఎవరు చెయ్యెత్తినా ఆగకండి. అద్దాలెత్తేసి తొక్కేయండి."

పోయిన ముగ్గురిని తలుచుకుంటే ఆయనకి కళ్ళు చెమర్చేవి. "ముగ్గురికీ చెప్పే పంపాను... వింటేగా," అనేవాడు.

బాబాయికి ఒక అక్క ఉంది. ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో నేర్పిన మనిషి. అక్క బండి నడిపితే వెనకనుంచి నత్త కూడా హారన్ కొడుతుందని ఆయన ఎగతాళి. కారులో ఏ చిన్న చప్పుడొచ్చినా పక్కకి తీసి ఆపి చూస్తేనే గానీ ఆవిడకి స్థిమితం ఉండదు. మనిషికి దగ్గొస్తే ఆగి నీళ్ళిస్తాం, బండికి దగ్గొస్తే ఆగి చూడొద్దా అనేది.

ఒకరోజు అక్క తమ్ముణ్ణి చూడడానికొచ్చి, సాయంత్రం బయల్దేరబోతే కారు ఎడమవైపు ముందు చక్రంలో మేకు దిగి ఉంది. అప్పటికి బాబాయి ఇంకో కారు పనిలో ఉన్నాడు. మొగుడూ పెళ్ళాం, చంకలో పాప. వాళ్ళదీ ముందు చక్రమే. ఆ పని ముగించి, ఎడమ లైటు మసగ్గా వెలుగుతోంది మార్పించుకోండని చెప్పి, ఎప్పటిలాగే కల్వర్టు సంగతీ చెవిన వేశాడు. ఊళ్ళో చుట్టాలింట్లో భోంచేసి వెళ్తామంటూ వాళ్ళు కదిలారు.

తర్వాత అక్క కారు జాకీ మీద ఎత్తాడు. పంక్చర్ వేసి, చక్రం ఎక్కించి, అది తిరగకుండా మోకాలితో అదిమిపెట్టి, పళ్ళు బిగించి మరీ నట్లు బిగించాడు. సొంత అక్క బండి కదా. జాకీ దించేసరికి బాగా చీకటి పడింది.

అక్క ఒక్కతే వెళ్తుందంటే ఆయన మనసొప్పలేదు. మిగతావాళ్ళకి చెప్తే సరిపోతుంది, ఈవిడకి చెప్పి లాభం లేదు. తట్టిన మరుక్షణం ఆపుతుంది... ఆపితే ఇంకేముంది? ఆవిణ్ణి ఆపనివ్వకుండా చూడడానికే బాబాయి షాపు మూసేసి, వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆరో మైలు దాటాక రోడ్డు గతుకులు. అక్క నిదానంగా పోనిస్తోంది. బాబాయి కబుర్లు చెప్తూనే ఉన్నాడు గానీ చెవులు మాత్రం ఎడమ తలుపు దగ్గరే ఉన్నాయి. లైట్ల వెలుగులో ఎండిన గడ్డి, కంకర కుప్పలు, మళ్ళీ గడ్డి. ఎదురుగా ఒక్క బండీ లేదు.

గతుకులు అయిపోవచ్చాయి.

టక్.

బాబాయి చెప్తున్న కబురు సగంలో ఆపేశాడు.

టక్... టక్...

ఆయన కూర్చున్న వైపే. ఆయన కాళ్ళ దగ్గరే.

"ఏదో చప్పుడు," అంది అక్క.

"ఏం లేదు. పోనీ."

"స్టీరింగ్ కూడా వణుకుతోందిరా."

"అక్కా... నీకు దణ్ణం పెడతా. ఆపకు. కల్వర్టు దాటేదాకా ఆపకు."

టక్. టక్. టక్. దూరంగా తెల్లగోడ కనిపించింది. బాబాయి చెయ్యి చాపి స్టీరింగ్ పట్టుకోబోయాడు. అక్క ఆ చేతి మీద ఒక్కటిచ్చింది — చిన్నప్పుడు కొట్టినట్టే. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసింది. బ్రేకు గట్టిగా నొక్కలేదు, స్టీరింగ్ విదిలించలేదు. కారు తనంతట తానే నెమ్మదించింది. తట్టుడూ నెమ్మదించింది. టక్... ... టక్... ...

సరిగ్గా కల్వర్టు గోడ పక్కన కారు ఆగింది. తట్టుడూ ఆగింది.

అక్క హ్యాండ్ బ్రేకు లాగి, నాలుగు మూలలా మిణుకు లైట్లు వేసి, తలుపు తీసింది.

"దిగకు," అన్నాడు బాబాయి.

ఆవిడ దిగింది. డిక్కీ తెరిచిన చప్పుడు. ఎర్రటి ముక్కోణపు హెచ్చరిక బోర్డు చేతపట్టుకుని వెనక్కి నడుస్తోంది. బాబాయి అద్దంలో చూస్తున్నాడు. లైటు వెలిగినప్పుడు అక్క ఉంది... ఆరినప్పుడు లేదు... వెలిగింది, ఉంది... ఆరింది... వెలిగింది.

లేదు.

బాబాయి అక్కా అని పిలవబోయాడు.

ఎడమ తలుపు మీద ఎవరో తట్టారు. టక్. టక్.

"దిగరా," అంది అక్క గొంతు. అవతలి పక్కనుంచి చుట్టూ తిరిగి వచ్చి, ఫోను లైటు ముందు చక్రం మీద వేసి నిలబడింది. "వచ్చి ఇది చూడు."

ఆయన దిగాడు. చక్రానికి ఐదు నట్లుండాలి, నాలుగే ఉన్నాయి.

"ముట్టుకో."

రెండు వేళ్ళతో పట్టుకుంటే నట్టు సీసా మూతలా తిరిగింది. రెండోదీ తిరిగింది. చక్రాన్ని పట్టుకుని ఊపితే అటూ ఇటూ కొట్టుకుంది — టక్, టక్. ఇన్నేళ్ళూ ఊరంతా విన్న చప్పుడు అదే. ఆయన చేతిలోనే మోగుతోంది.

"జాకీ దించాక మళ్ళీ బిగించావా?" అడిగింది అక్క.

"దించాక మళ్ళీ ఎందుకు? పైనున్నప్పుడే బిగించాగా."

అక్క చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "చక్రం గాల్లో ఉంటే పట్టు దొరకదురా. మోకాలు పెట్టినా అరకొరే. నేలమీద ఆని, బండి బరువు పడ్డాక బిగించేదే అసలు బిగింపు. లేకపోతే గతుకుల్లో వదులైపోతాయి... నీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. చూసి నేర్చుకున్న పని. ఒంట్లో బలం ఉందన్న ధీమాతో చేసుకుంటూ పోయిన పని. షాపు పెట్టి ఎన్నేళ్ళయిందో అక్క అడగలేదు. బాబాయే లెక్కపెట్టుకున్నాడు. ఆ ముగ్గురి మొహాలూ ఒకదాని వెనక ఒకటి కిటికీలోంచి ఆయన్ని చూశాయి. తట్టినప్పుడు ఆగుంటే ముగ్గురూ బతికేవాళ్ళు. ఆగొద్దని చెప్పి పంపింది ఎవరు?

ఆయన కల్వర్టు గోడ మీద కూలబడ్డాడు. అక్క వెళ్ళి డిక్కీలోంచి నట్లు బిగించే ఇనప కడ్డీ తెచ్చింది.

అప్పుడు వెనకనుంచి వెలుగు పడింది. దూరంగా ఒక కారు... కుడి లైటు ధగధగలాడుతోంది, ఎడమది మసకగా ఉంది.

బాబాయి చటుక్కున లేచాడు. అక్క చేతిలోంచి ఆ కడ్డీ లాక్కుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. రెండు చేతులూ పైకెత్తి, "ఆపండి... ఆపండి," అని గొంతు చించుకున్నాడు. కారు దగ్గరికొచ్చింది. దాని చప్పుడు కంటే ముందు ఇంకో చప్పుడు ఆయనకి వినిపించింది. టక్ టక్ టక్ టక్...

కిటికీ అద్దం సర్రున పైకి లేచింది. కారు ఆయన్ని తప్పించుకుని, వేగం పెంచి, మలుపు తిరిగిపోయింది.

ఫోన్ చేద్దామంటే వాళ్ళ నంబరు లేదు. "ముందు మన చక్రం బిగించు. ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రా," అంది అక్క. కడ్డీ మీద కాలు పెట్టి తొక్కి మరీ బిగించాడు. అక్క ప్రతి నట్టూ తనే మళ్ళీ చూసుకుని, అప్పుడు బండి తీసింది.

మలుపు దాటాక కనిపించింది. కారు కంకర కుప్పలోకి దూసుకెళ్ళి ఒరిగి ఉంది. ముందు చక్రం లేదు.

పక్కన భార్యాభర్తలు నిలబడి ఉన్నారు. పాప తల్లి భుజం మీద వెక్కుతోంది. నుదుటి మీద చిన్న బొప్పి, అంతే. ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు. బాబాయి కారు దిగి వెలుగులోకి వెళ్ళాడు. ఆయన్ని గుర్తుపట్టగానే ఆ భర్త పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబాయిగారూ, మీరు చెప్పబట్టి బతికిపోయాం. తట్టాడండీ... కనిపించాడు కూడా. రోడ్డు మధ్యలో, చేతిలో ఇనప కడ్డీతో... ఆపుదామనే అనుకున్నా. మీ మాట గుర్తొచ్చి తొక్కేశాను. అయినా వదల్లేదు, చక్రం పీకేశాడు చూడండి. కంకర అడ్డం ఉంది కాబట్టి సరిపోయింది. మీ మేలు మర్చిపోలేం."

ఆ భార్య కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది. అక్క కారు పక్కనే నిలబడి తమ్ముడి వైపు చూస్తోంది. బాబాయి ఊ అని తలాడిస్తే చాలు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మేస్త్రీ దెయ్యం ఎలాగూ సాక్ష్యం చెప్పడానికి రాడు.

బాబాయి తన చేతులు విడిపించుకున్నాడు.

"కనిపించింది నేనే బాబూ," అన్నాడు. "చక్రం పీకిందీ నేనే... పద్నాలుగేళ్ళుగా నేనే."