నాన్న రుచి చూసి చెప్పిన మాట

పాలు అడుగంటిన వాసన మేడ మెట్ల దాకా వచ్చింది. కూతురు తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ వంటింట్లోకి పరుగెత్తి స్టవ్ ఆపింది. చెయ్యి చాపితే స్టవ్ అందేంత దగ్గరగా కూర్చుని తండ్రి పేపరు చదువుకుంటున్నాడు.

"నాన్నా, పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావు?"

ఆయన తలెత్తి గిన్నె వైపు చూశాడు. "సంపాదకీయంలో పడిపోయాను అమ్మడూ."

తల్లి వెనక నుంచి వచ్చి గిన్నెను సింకులో పెట్టింది. "ఆయన్ని చూస్తుండమన్నది నేనే. నాదే బుద్ధి తక్కువ," అంది. ఆ మాట అవసరానికి మించిన తొందరతో వచ్చిందని కూతురికి అనిపించింది. కానీ ఆ ఉదయం ఆమె మనసు పాల మీద లేదు.

ఆ సాయంత్రం ఆమె తయారు చేసిన మొదటి బీరు జనం ముందుకు రావాలి. రైలు స్టేషను వెనక పాత గోడౌన్లో కొత్తగా పెట్టిన చిన్న బ్రూవరీలో ఆమెకు ఉద్యోగం. దాని యజమానిని అందరూ గడ్డాయన అంటారు. ఆయన ఆమెకు ఒక ట్యాంకు అప్పగించి, "ఇందులో నీ ఇష్టమొచ్చింది చెయ్యి. బాగుందని నువ్వంటే కుళాయికి ఎక్కిద్దాం, లేదంటే కాలవకు వదిలేద్దాం," అన్నాడు. బాగుందో లేదో ఆమె చెప్పాలి. వారమంతా తాగి చూస్తూనే ఉంది, చెప్పలేకపోతోంది. తండ్రి ఒక్క మాటంటే చాలనుకుంది.

తండ్రి రిటైరయ్యేదాకా టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేశాడు. వరసగా పెట్టిన కప్పుల్లోంచి చెంచాతో జుర్రుమని లాగి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, ఒక మాట అనేవాడు. ఆ మాట మీద లారీలు కదిలేవి. ఇంట్లోనూ అదే వరస. చిన్నప్పుడు ఆమె బొమ్మ గీస్తే, రంగులు ఆరకముందే ఆయన ముఖంలోకి చూసేది. ఆయన పెదవి విరిస్తే, అంతవరకు తనకు నచ్చిన బొమ్మ తనకే వెలవెలబోయి కనిపించేది. పెద్దయ్యాక ఆ అలవాటు పోయిందనుకుంది. అది పోలేదు, కాస్త మర్యాద నేర్చుకుంది.

ఎండలు మొదలైన దగ్గర్నుంచి ప్రతి శనివారం తండ్రీ కూతుళ్ళు ఊళ్ళో కొత్తగా తెరిచిన బ్రూవరీలన్నీ తిరుగుతున్నారు. ఆయన జేబులోంచి సొంత చెంచా తీసి బీరు జుర్రితే పక్క బల్లల వాళ్ళు ఉలిక్కిపడి చూసేవాళ్ళు. "ముందు నువ్వు తాగమ్మా," అనేవాడు ఎప్పుడూ. ఆమె తాగాక తను చూసి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు. "కోసిన పచ్చిగడ్డి వాసన." సరిగ్గా తనకు తోచిందే ఆయన నోటి వెంట వస్తే ఆమెకు ఒళ్ళు పులకరించేది. ఒకప్పటి మెకానిక్ షెడ్డులో పెట్టిన బ్రూవరీలో, "ఇందులో తేనె ఉంది, పైకి కనబడనివ్వలేదంతే," అంటే, ఆ బీరు చేసినవాడు లోపల్నుంచి వచ్చి మరీ ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ మాటల మీదే ఆమె తన బీరు కట్టుకుంది. ఆయన అన్నాడని నారింజ తొక్క వేసింది. ఆయన అన్నాడని చేదు కోసం వేసే హాప్స్ పూలు సగానికి తగ్గించింది.

పది గంటలకు ముగ్గురూ గోడౌన్ చేరారు. అప్పుడే కడిగిన నేల మీద నీళ్ళ గొట్టాలు చుట్టలుగా పడి ఉన్నాయి. తల్లి బీరు ముట్టదు. సోడా తీసుకుని ఒక మూల కూర్చుంది. తండ్రి కౌంటరు ముందు ఎత్తు స్టూలు ఎక్కాడు. కూతురు తన ట్యాంకులోని బీరు ఒక గ్లాసులో పట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"ముందు నువ్వు తాగమ్మా," అన్నాడు.

"ఇవాళ కాదు నాన్నా. ఇవాళ నువ్వే ముందు. నేను ఎదురుగా ఉంటే నీకు మొహమాటం." కౌంటరు మీది గ్లాసు ఆయన ముందుకు జరిపి, ఆమె వెనక్కి తిరిగి ట్యాంకుల వైపు నిలబడింది.

"ఇదేం పద్ధతే?"

"తాగు నాన్నా."

వెనక జుర్రిన చప్పుడు. ట్యాంకు స్టీలు మీద తన ముఖం సాగిపోయి కనబడుతుంటే, పరీక్ష రాసిన పిల్ల ముఖంలా ఉందని ఆమె అనుకుంది.

"నారింజ," అన్నాడు ఆయన చివరికి. "ముందు నారింజ తొక్క వస్తోంది. ఆ వెనక ఏవో పూలు. బ్రహ్మాండంగా ఉందమ్మా."

కుళాయిలు తుడుస్తున్న గడ్డాయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "పెద్దాయనా, మీరు తాగింది నా గ్లాసు."

ఆమె గిరుక్కున తిరిగింది. తన గ్లాసు నురగ కూడా చెదరకుండా అక్కడే ఉంది. కంగారులో జరిపింది గడ్డాయన తనకోసం పోసుకున్న గ్లాసును. రంగు రెండింటిదీ ఒకటే. కానీ అది పొగబెట్టిన బార్లీతో చేసిన బీరు, చలిమంట దగ్గర కూర్చుని వచ్చినవాడి బట్టల్లా, నోటి దగ్గరికి తేగానే పొగ వాసన కొడుతుంది.

"నాన్నా, నీకు వాసన తెలియడం లేదు కదూ. పొద్దున పాలు కూడా అందుకే."

ఆయన చెంచాను చప్పుడు కాకుండా కౌంటరు మీద పెట్టాడు. "చలికాలం జ్వరం వచ్చింది చూడు, దాంతో పోయింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. మిగతావేవీ లేవు."

"అమ్మా, నీకు తెలుసా?"

"తెలియకేం. పెళ్ళయిన దగ్గర్నుంచి నా వంటకు వంకలు పెట్టిన మనిషి, ఉన్నట్టుండి రోజూ బాగుంది బాగుంది అనడం మొదలెట్టాడు. నాకు భయమేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను."

గడ్డాయన నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. కూతురు నవ్వలేదు.

"మీకు తమాషాగా ఉంది. నా ట్యాంకు మొత్తం నీ మాట మీద నడిపాను నాన్నా. అవన్నీ గాల్లోంచి తీసిన మాటలా? ఒక్కసారైనా చెప్పొచ్చు కదా."

"చెబితే నన్ను తీసుకెళ్ళేదానివా?" ఆయన గ్లాసు వైపే చూస్తూ అన్నాడు. "రుచి తెలియనివాణ్ణి వెంటేసుకుని ఎవరు తిరుగుతారు? వారంలో ఆ ఒక్కరోజే నాకు లేవగానే ఎక్కడికో వెళ్ళాలనిపించేది."

ఆమె కోపానికి కాళ్ళ కింద నేల కదిలింది. అయినా వదల్లేదు. "మరి ఆ షెడ్డులో తేనె ఉందని ఎలా చెప్పావు? నిజంగానే ఉంది కదా."

"నువ్వు తాగి, పై పెదవి నాక్కున్నావు. చిన్నప్పుడు అమ్మకు తెలియకుండా తేనె సీసాలో వేలు పెట్టి వచ్చినప్పుడూ అంతే."

"పచ్చిగడ్డి?"

"ఒక గుక్క తాగి, కిటికీలోంచి గడ్డి కోస్తున్నవాణ్ణి చూశావు."

"నారింజ?"

"పక్క బల్ల దగ్గర ఎవరో నారింజ ఒలుస్తుంటే నువ్వు తాగడం మానేసి అటే వాసన చూస్తున్నావు. నాకేం తెలుసమ్మా. నీ ముఖం చూసి చెప్పానంతే. ముందు నువ్వు తాగమన్నది అందుకే."

ఆమె పక్క స్టూలు మీద కూలబడింది. ఇన్ని శనివారాలు తను ఆయన నోటి నుంచి విని నమ్మినవన్నీ అంతకుముందే తన నాలుక మీద ఉన్నవే. తనకు తెలిసినదే మరొకరు తిరిగి చేతిలో పెడితే తప్ప పుచ్చుకోలేని మనిషి తను. కళ్ళు చెమర్చాయి. అంతలోనే నవ్వు కూడా వచ్చింది.

తన గ్లాసు తీసుకుంది. తండ్రి అలవాటుగా ముందుకు వంగి ఆమె ముఖంలోకి చూడబోయాడు. ఆమె పనిలో చేతులు తుడుచుకోవడానికి మెడలో వేసుకున్న తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని, దాని వెనకే తాగింది.

"అమ్మడూ, ఎలా ఉంది?"

ఆమె తువ్వాలు తియ్యకుండానే ఇంకో గుక్క తాగింది. ఆయన స్టూలు అంచుకు జరిగాడు. మొదటిసారి ఆయన ఆమె మాట కోసం కాచుకుని కూర్చున్నాడు.

ఆమె తువ్వాలు దించింది. "నారింజ బాగా కుదిరింది. బార్లీ చప్పబడలేదు. బాగుంది," అని గడ్డాయన వైపు తిరిగింది. "కుళాయికి ఎక్కించండి. కాకపోతే చేదు తక్కువైంది. వచ్చే ట్యాంకుకి హాప్స్ పెంచాలి."

"హాప్స్ తగ్గించమన్నదొక్కటే నేను సొంతంగా చెప్పింది," అన్నాడు తండ్రి.

"తెలుస్తూనే ఉంది," అంది తల్లి మూల నుంచి.

"రేవు దగ్గర కొత్త బ్రూవరీ తెరిచారట. వచ్చే శనివారం వెళ్దాం నాన్నా," అంది కూతురు. "నేను తాగి చెప్తాను. నువ్వు కాదంటూ ఉండు."

ఆయన పెద్ద బరువేదో దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. ఆమె బీరు గ్లాసును తన ముందుకు లాక్కుని, ఒక చెంచా జుర్రి, పెదవి విరిచాడు. "చేదు తక్కువేం కాలేదు, సరిపోయింది."

"లేదు, తక్కువే," అంది ఆమె, ఆయన ముఖం వైపు చూడకుండానే.